మళ్లీ వచ్చిన విశ్వావసు: కొరియాలో నాన్న షష్టిపూర్తి

మా నాన్న 1965లో, విశ్వావసు నామ సంవత్సరం కార్తీక పౌర్ణమి నాడు పుట్టారు. అరవై సంవత్సరాల చక్రం పూర్తిగా తిరిగి 2025 ఉగాదితో మళ్లీ విశ్వావసు వచ్చింది. కార్తీక పౌర్ణమి నవంబర్ 5, బుధవారం. ఆ రోజుకు నేను తెనాలి దగ్గర మా ఊళ్లో ఉండాలని ఏడాదిగా అనుకుంటున్నాను. కానీ దక్షిణ కొరియాలోని దేజాన్‌లో నా పరిశోధన ఉద్యోగంలో అప్పుడు సెలవు కుదరలేదు. చివరికి అమ్మా నాన్నే ఇక్కడికి వచ్చారు.

అమ్మకు మొదట ఇష్టం లేదు. "షష్టిపూర్తి అంటే పురోహితుడు, కలశాలు, హోమం, బంధువులు ఉండాలి. పరాయి దేశంలో ఎవరు చేయిస్తారు?" అంది. నాన్న అంతగా ఆలోచించలేదు. "హోమం ఊరికి వెళ్లాక మాఘంలో చేసుకుందాం. తిథి మాత్రం పిల్ల దగ్గర గడుపుదాం" అన్నారు.

ల్యాబులో ఈ సంగతి చెబితే నా కొరియన్ సహోద్యోగి ఒకరు 1965 అనగానే ఆ సంవత్సరం పేరు చెప్పేశారు. కొరియాలోనూ సంవత్సరాలకు అరవై పేర్ల చక్రమే ఉంది. 1965 'ఉల్సా', పాము సంవత్సరం. 2025 కూడా ఉల్సాయే. పుట్టిన సంవత్సరం తిరిగి వచ్చినందుకు ఇక్కడా పండుగ చేస్తారు, దాన్ని హ్వాన్‌గాప్ అంటారు. ఒకప్పుడు ఊరంతటికీ విందు పెట్టేవారట. ఇప్పుడు అందరూ ఎనభై, తొంభై ఏళ్లు బతుకుతున్నారు కాబట్టి అరవైకి విందులు తగ్గాయి. పిల్లలు తల్లిదండ్రులను యాత్రకు తీసుకువెళ్తున్నారు. "మరి నువ్వు ఎక్కడికి తీసుకువెళ్తున్నావు?" అని ఆమె అడిగారు. ఆ ప్రశ్నతోనే ఈ ప్రయాణం మొదలైంది.

నవంబర్ 3, సోమవారం: గ్యోంగ్జు

గ్యోంగ్జు దాదాపు వెయ్యేళ్లు ప్రాచీన సిల్లా రాజ్యానికి రాజధాని. ఊరి మధ్యలోనే పచ్చగడ్డి కప్పిన గుండ్రటి గుట్టలు కనిపిస్తాయి, అవన్నీ రాజుల సమాధులు. మేము వెళ్లడానికి రెండు రోజుల ముందే అక్కడ అపెక్ (ఆసియా-పసిఫిక్ ఆర్థిక సహకార కూటమి) దేశాధినేతల సమావేశం ముగిసింది. వీధి స్తంభాలకు జెండాలు, కూడళ్లలో చామంతి పూల అలంకరణలు ఇంకా అలాగే ఉన్నాయి. "మీ షష్టిపూర్తికే కట్టినట్టున్నారు" అని అమ్మ నాన్నతో అంది. ప్రయాణం మొదలయ్యాక ఆమె మొహం విప్పారడం అదే మొదటిసారి.

బస పెంకుటింట్లో. రాత్రికి 1,20,000 వోన్లు, అంటే సుమారు 7,400 రూపాయలు. మంచాలు లేవు, నేల అడుగు నుంచి వెచ్చగా ఉండే గదిలో పరుపులు పరుచుకుని పడుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఆ వెచ్చటి నేల మీద నడుం వాల్చి, సాయంత్రం దాకా లేవనంది. హోటలుకు కాకుండా ఇక్కడికి తీసుకురావడం నాకెంతో తృప్తినిచ్చింది.

ఇంటావిడకు డెబ్బై దాటి ఉంటాయి. చెప్పులు విప్పీ విప్పకముందే అడిగిన మొదటి మాట నాన్న వయసు గురించి. కొరియాలో ఇది మర్యాద తప్పిన ప్రశ్న కాదు. ఎవరిని ఎంత గౌరవంతో పలకరించాలో వయసును బట్టే తేలుతుంది. పాత లెక్కలో బిడ్డ పుట్టగానే ఒక ఏడు, ఆ తర్వాత ప్రతి జనవరి ఒకటిన మరో ఏడు కలిపేవారు. 2023 జూన్ నుంచి చట్టం ప్రకారం అందరిలాగే పుట్టినరోజు లెక్కనే పాటిస్తున్నారు. కానీ ఆవిడ మాత్రం పాత పద్ధతిలోనే లెక్కపెట్టి నాన్నకు 61 అని తేల్చారు. "అరవై నిండి అరవై ఒకటో ఏడు. మనమూ అలాగే అంటాం కదా!" అని నాన్న సంబరపడ్డారు.

కార్తీకమాసం కాబట్టి మాంసం, చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి తినరని చెప్పాను. ఈ దేశంలో ఈ మాట చెప్పడానికి ఎప్పుడూ కాస్త బెరుకుగా ఉంటుంది. వెల్లుల్లి లేని వంట ఇక్కడ అరుదు. ఆవిడ మాత్రం "అయితే భిక్షువుల భోజనం" అన్నారు. అంతే, ఇంకో ప్రశ్న అడగలేదు.

మధ్యాహ్నం దేరుంగ్‌వన్ సమాధుల తోటకు వెళ్లాం. తోటలోకి ప్రవేశం ఉచితం. లోపలికి వెళ్లి చూడగలిగిన చొన్మాచొంగ్ సమాధికి మాత్రం మనిషికి 3,000 వోన్లు. 1973లో దాన్ని తవ్వినప్పుడు బంగారు కిరీటంతో పాటు 11,500కు పైగా వస్తువులు దొరికాయి. భోజపత్రం లాంటి చెట్టు బెరడు మీద గీసిన తెల్ల గుర్రం బొమ్మ వాటిలో ఒకటి. ఆ బొమ్మ పేరే సమాధికి పెట్టారు, ఎందుకంటే అందులో ఉన్న రాజు ఎవరో తేలలేదు. "ఇంత బంగారం పెట్టారు, పేరు రాసి పెట్టలేదా?" అన్నారు నాన్న. చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

బయట హ్వాంగ్‌నిదన్ వీధిలో ఒక కుటుంబం ఏడాది బిడ్డకు కొరియా సంప్రదాయ దుస్తులు, పట్టు హన్‌బోక్ తొడిగి ఫొటోలు తీస్తోంది. బిడ్డ ముందు దారపు ఉండ, నోట్లు, కుంచె, స్టెతస్కోపు, మైకు పరిచారు. మొదటి పుట్టినరోజున బిడ్డ ఏది పట్టుకుంటే అదే భవిష్యత్తు అంటారు. దారం పట్టుకుంటే దీర్ఘాయువు. అమ్మ అక్కడే ఆగిపోయింది. నా అన్నప్రాశన నాడు పుస్తకం, బంగారం, కత్తి, మట్టి ముందు పెడితే నేను పుస్తకం వైపు పాకానని, అందుకే ఇంత దూరం వచ్చి పడ్డానని ఆ తల్లికి తెలుగులోనే చెప్పసాగింది. నేను అనువదించాను. ఆ తల్లి నవ్వుతూ బిడ్డను అమ్మ చేతికిచ్చింది. బిడ్డ అమ్మ గాజులు పట్టుకుని వదల్లేదు. ఫొటోలు తీసే అతను వాటినీ ఫొటో తీశాడు.

ఆ వీధిలో ఎటు చూసినా పది వోన్ల నాణెం ఆకారంలో చేసిన జున్ను రొట్టెలు, చిక్కుడు ముద్ద కూరిన బన్నులే. అన్నింటిలోనూ గుడ్డు ఉంటుంది. నాన్నకు 5,000 వోన్లకు ఒక పొట్లం కాల్చిన చెస్ట్‌నట్ గింజలు కొన్నాను. అమ్మేవాడు గుప్పెడు ఎక్కువే వేశాడు. రాత్రి వల్జి కొలను గట్టున తిరుగుతూ వాటిని తిన్నాం. నీళ్లలో రాజమండపాల దీపాలు, పైన త్రయోదశి చంద్రుడు.

నవంబర్ 4, మంగళవారం: బుల్గుక్సా, సొక్కురామ్

బుల్గుక్సా ఆలయానికి వెళ్లే బస్సు దగ్గరి దారిలో వెళ్లకుండా బొమున్ చెరువు చుట్టూ తిరిగింది. అదే మార్గాన్ని రెండు నంబర్ల బస్సులు ఎదురెదురు దిశల్లో చుట్టివస్తాయని మధ్యలో పక్కసీటు పెద్దాయన చెప్పాడు. నాన్నకు మాత్రం ఆ చుట్టుదారే నచ్చింది, కారణం పొలాలు. వరి కోతలు అప్పటికే అయిపోయాయి. ఒక్కో మడిలో తెల్లటి ప్లాస్టిక్ చుట్టిన పెద్ద పెద్ద గుండ్రటి మూటలు దొర్లించి ఉన్నాయి. "అవేమిటో అడుగు" అని నాన్న పట్టుపట్టారు. పచ్చి గడ్డిని గాలి తగలకుండా చుట్టి పులియబెట్టి, చలికాలంలో పశువులకు వేస్తారట. ఒక్కో మూట ఎంత బరువుంటుందో, యంత్రానికి అద్దె ఎంతో కూడా అడగమన్నారు. పెద్దాయన బరువు చెప్పాడు, అర టన్ను దాకా ఉంటుందట. అద్దె గురించి కొడుకుకు తెలుసన్నాడు.

బుల్గుక్సా కథ నేను కావాలనే ముందుగా చెప్పలేదు, మెట్ల ముందు నిలబెట్టి చెప్పాను. 13వ శతాబ్దంలో రాసిన సంగుక్ యూసా గ్రంథంలో ఆ కథ ఉంది. కిమ్ దేసొంగ్ అనే కుర్రవాడు పేద ఇంట పుట్టాడు. తనకూ తల్లికీ ఉన్న కాస్త పొలాన్ని దానం ఇద్దామని తల్లిని ఒప్పించాడు. కొన్నాళ్లకే చనిపోయి, ఒక మంత్రి ఇంట మళ్లీ పుట్టాడు. పాత జన్మ గుర్తుండటంతో ఆ పేద తల్లిని కూడా తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. పెద్దయ్యాక ఈ జన్మ తల్లిదండ్రుల కోసం బుల్గుక్సా, పోయిన జన్మ తల్లిదండ్రుల కోసం కొండ మీద సొక్కురామ్ కట్టించాడు. 751లో పని మొదలైంది. 774లో ఆయన పోయేనాటికీ పూర్తి కాలేదు, మిగిలింది రాజ్యం పూర్తిచేసింది.

దేశమంతటిలో ఈ ఊరినే నేను ఎంచుకున్నది ఈ కథ వల్లే. నాన్న చేతులు జోడించి మెట్లకు నమస్కరించారు. అవి 33 మెట్లు. ఇప్పుడు వాటి మీదుగా ఎక్కనివ్వరు, పక్క దారిలో వెళ్లాలి. పైన ముంగిట్లో రెండు రాతి స్తూపాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి నగలు పెట్టుకున్న పెళ్లికూతురిలా అలంకారాలతో ఉంటే, రెండోది ఏ అలంకారమూ లేకుండా నిటారుగా నిలబడి ఉంటుంది. మొదటిదే పది వోన్ల నాణెం మీద ఉన్న దబోతాప్. రెండోది సొక్కాతాప్. 1966లో మరమ్మతు చేస్తుండగా దాని లోపల ధారణీ సూత్రం అనే బౌద్ధ గ్రంథం అచ్చు ప్రతి దొరికింది. చెక్క దిమ్మెలతో అచ్చేసి ఇప్పటికీ మిగిలిన వాటిలో ప్రపంచంలోనే అతి పాతవాటిలో అదొకటి. అమ్మకు అలంకారం లేని స్తూపమే నచ్చింది.

మధ్యాహ్నం ఆలయ వంటలు వడ్డించే చోట భోజనం చేశాం, మనిషికి 22,000 వోన్లు. తామరాకులో చుట్టి ఉడికించిన అన్నం, ఓక్ చెట్టు కాయల (ఎకార్న్) పిండితో చేసిన జెల్లీ, ఉప్పులో ఊరిన ముల్లంగి, నువ్వులు దట్టంగా పట్టించిన దుంప వేపుడు, చేపల సాసు లేని కిమ్చీ. కొరియా భిక్షువులు వెల్లుల్లి, ఉల్లి జాతివి తినరు. నిషేధించిన అయిదింటిలో అయిదోది ఇంగువ అని వడ్డించే ఆమె చెప్పింది. ఈ దేశంలో ఇంగువ పండదు, ఎవరూ వాడరు. ఎప్పుడో సూత్రగ్రంథాలతో పాటు వచ్చిన పేరు జాబితాలో అలాగే ఉండిపోయింది. "ఇంగువ లేకుండా పులిహోర ఎలా?" అని అమ్మ నిజంగానే విచారపడింది. నాన్న మాత్రం అన్నం రెండోసారి అడిగారు. ఈ దేశంలో బయట తిండి ఆయన మారు అడిగి తినడం నేను చూసింది అక్కడే. అదనపు అన్నానికి డబ్బు తీసుకోలేదు.

సొక్కురామ్ బుద్ధుడు కొండ గుహలో అద్దం వెనక కూర్చుని ఉంటాడు. గ్రానైట్ విగ్రహం, దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు. చూపు తూర్పు సముద్రం వైపు. ఫొటోలు తీయకూడదు, ఆగడానికి చోటు తక్కువ, వెనక నుంచి జనం వస్తూనే ఉంటారు. అయినా ఆ కాసేపూ చాలు. ఇంత శాంతంగా ఉన్న ముఖాన్ని రాతిలో నేను మరెక్కడా చూడలేదు.

నవంబర్ 5, బుధవారం: పుట్టినరోజు

తెల్లవారుజామున గది బయట చలి నాలుగైదు డిగ్రీలు. అమ్మ నాన్న తలకు నూనె అంటింది. తలంటు, కొత్త పంచె, ఉత్తరీయం, లోపల నేను బలవంతాన తొడిగించిన వెచ్చటి బనీను. తూర్పు ముఖంగా నిలబడి నాన్న అమ్మ మెడలో పసుపుకొమ్ము కట్టారు. ఆ పసుపుకొమ్మును అమ్మ ఊరి నుంచే తెచ్చిందన్న సంగతి నాకప్పుడే తెలిసింది. ఇష్టం లేదంటూనే అన్నీ సర్దుకుని వచ్చిందన్నమాట. అక్షింతలకు దేజాన్ బియ్యం, గుంటూరు పసుపు. నేను ఇద్దరి కాళ్లకూ మొక్కాను.

ఇంటావిడ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. తమ పద్ధతి కూడా చూపిస్తానంటూ రెండు చేతులూ నుదుటికి ఎత్తి, నెమ్మదిగా నేల మీదికి కూర్చుంటూ పూర్తిగా వంగి చూపించారు. నన్నూ చేయమన్నారు. చేశాను. వాళ్ల నాన్న హ్వాన్‌గాప్‌కు పళ్లూ పిండివంటలూ మూరెడు ఎత్తు పేర్చారని, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఇలాగే వరసగా వంగి నమస్కరించారని చెప్పారు. ఆవిడ అరవైకి మాత్రం పిల్లలు వియత్నాం పంపారట. "దనాంగ్ బాగుంది. కానీ ఎవరూ వంగి నమస్కరించలేదు" అన్నారు.

ఆ తర్వాత పెద్ద గిన్నెతో మియొక్కుక్ తెచ్చారు. పుట్టినరోజు పొద్దున ప్రతి కొరియా ఇంట్లోనూ వండే సముద్రపు పాచి చారు అది. బాలింతలకు కాన్పయ్యాక పెట్టేది ఇదే. అందుకే పుట్టినరోజున తల్లి పడిన శ్రమను తలుచుకుంటూ తింటారు. మామూలుగా గొడ్డు మాంసమో, చిన్న చేపలో వేస్తారు. ఆవిడ వట్టి పెరిల్లా గింజల పొడితో, ఉప్పుతో కాచారు. నాన్న ఇబ్బందిగా నా వైపు చూశారు. కార్తీక పౌర్ణమి ఉపవాసం, చంద్రుడిని చూసేదాకా ఏమీ తినరు.

ఎలా చెప్పాలో వెతుక్కుంటూ చెప్పాను. ఆవిడ కాస్తయినా నొచ్చుకోలేదు. లోపలికి వెళ్లి పొడవాటి ఫ్లాస్కు తెచ్చి, మరుగుతున్న చారును నిండా పోసి మూత బిగించారు. "చంద్రుడు రాగానే తాగమను" అన్నారు. అమ్మా నేనూ అక్కడే తిన్నాం. చిక్కగా, కమ్మగా, కాస్త జారుడుగా ఉంది. అమ్మ రెండు గిన్నెలు తిని, ఇలాంటిది తనకు కాన్పప్పుడు దొరికి ఉంటే బాగుండేదంది. ఆవిడ వంటింట్లోనే మా బెల్లంతో పరమాన్నం వండి, నైవేద్యం పెట్టి, ఒక డబ్బా ఆవిడకిచ్చి, ఒకటి మాతో తెచ్చుకున్నాం. ఫ్లాస్కును తిరిగి ఎలా పంపాలని అడిగితే, "మళ్లీ వచ్చినప్పుడు తీసుకురా" అన్నారు.

బుసాన్ చేరి, మధ్యాహ్నం దాటాక హేదొంగ్ యొంగ్‌గుంగ్సాకు వెళ్లాం. 1376లో స్థాపించిన ఆలయం, సముద్రపు రాళ్ల మీదే ఉంటుంది. దారిలో సంవత్సరాలకు గుర్తులైన పన్నెండు జంతువుల విగ్రహాలు వరసగా నిలబడి ఉన్నాయి. పాము విగ్రహం పక్కన నాన్నను నిలబెట్టి ఫొటో తీస్తుంటే, అదే పాము కోసం వరసలో ఉన్న ఒకావిడ పట్టు పంచె అంచును వేళ్లతో తడిమి, నేసినదా అని అడిగింది. మంగళగిరి అని చెప్పాను. ఆ ఊరి పేరును మూడుసార్లు పలికి నేర్చుకుంది. అక్కడి నుంచి 108 మెట్లు దిగాలి. ఉపవాసంతో ఉన్న నాన్న చేయి పట్టుకోవడానికి ఒప్పుకోలేదు.

దీపం గురించే నాకు భయం. అమ్మ 365 వత్తుల కట్ట తెచ్చింది, ఏడాదిలో దీపం పెట్టని రోజులన్నింటికీ కలిపి. ఇక్కడ కొవ్వొత్తులను గాలి తగలకుండా అద్దాల అరల్లో వెలిగిస్తారు. సేవ చేస్తున్న ఒక పెద్దావిడకు విషయం చెప్పాను. ఆవిడ వత్తులను చేతిలోకి తీసుకుని చూసి, నిజంగా అన్నీ ఉన్నాయా అని అడిగి, రెండు కొవ్వొత్తులు పక్కకు జరిపి మా ప్రమిదకు చోటిచ్చారు. నూనె మాత్రం కొరియా నువ్వుల నూనె. ఇక్కడ నువ్వులను బాగా వేయించి గానుగ ఆడతారు కాబట్టి, దీపం వెలగగానే అక్కడంతా వంటింటి కమ్మదనం కమ్ముకుంది. పక్కనే ప్రార్థిస్తున్న వాళ్లు తలతిప్పి చూశారు, ఒకరిద్దరు వచ్చి దీపానికి నమస్కరించారు. వెళ్లేటప్పుడు 10,000 వోన్లు హుండీలో వేశాను.

ఆనాటి చంద్రుడు 2025లోకెల్లా భూమికి దగ్గరగా వచ్చిన పౌర్ణమి చంద్రుడు. కానీ తూర్పున మబ్బు పట్టింది. అయిదు దాటింది, అయిదున్నర దాటింది. అమ్మ మనసులో ఏదో జపిస్తోంది. నాన్న రాతి గోడ మీద కూర్చుని అలలను చూస్తున్నారు. ఆరు కావస్తుండగా మబ్బు అంచు ఎర్రబడి, పక్కకు తొలగింది. జనం అరిచారు. నాన్న లేచి నమస్కరించి, వెంటనే "ఆ చారు ఇలా ఇవ్వు" అన్నారు.

ఆలయం బయట దుకాణాల దగ్గర బల్ల మీద కూర్చుని ఫ్లాస్కు విప్పాం. పొద్దున పోసిన చారు ఇంకా పొగలు కక్కుతోంది. మొదటి గుక్క తర్వాత నాన్న "మా అమ్మ కూడా నన్ను కన్నాక ఏదో ఒకటి తిని ఉంటుంది. ఏమిటో ఎప్పుడూ అడగలేదు" అన్నారు. చారంతా తాగి, ఆ తర్వాత పరమాన్నం తిన్నారు. దుకాణాల వాళ్లలో ఒకాయన మా బల్ల మీద కాల్చిన చిలగడదుంప ఒకటి పెట్టి, డబ్బు వద్దన్నాడు. పంచె కట్టుకున్న పెద్దమనిషి పుట్టినరోజని మెట్ల దగ్గర అందరికీ తెలిసిపోయినట్టుంది.

నవంబర్ 6, గురువారం: గిమ్హే

తిరుగు ప్రయాణానికి ముందు బుసాన్ పక్కనే ఉన్న గిమ్హేలో ఆగాం. ఇక్కడ హొ రాణి సమాధి ఉంది. సంగుక్ యూసా ప్రకారం ఆమె అయుతా దేశపు రాకుమార్తె. తల్లిదండ్రులకు కల వచ్చి పంపితే, క్రీ.శ. 48లో, పదహారేళ్ల వయసులో సముద్రం దాటి వచ్చి ఇక్కడి గయా అనే కొరియా రాజ్యపు రాజు సురోను పెళ్లాడింది. అయుతా అంటే అయోధ్యే అని ఇక్కడ చాలామంది నమ్ముతారు. చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. నాన్నకు ఆ చర్చ పట్టలేదు. "పదహారేళ్ల పిల్లను పంపాక ఆ తండ్రి మళ్లీ చూశాడా?" అని అడిగారు. గ్రంథంలో అలాంటిదేమీ లేదు. నేనూ ఇరవై రెండేళ్లకే ఇల్లు వదిలి వచ్చాను కాబట్టి, వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

సమాధి దగ్గరలో చిన్న మండపం కింద ఎర్రటి మచ్చల రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. సముద్రం శాంతించడానికి రాణి ఓడలో తెచ్చిన రాళ్లని చెబుతారు. అక్కడ పెర్సిమన్ పళ్ల సంచితో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి ఇండియానా అని అడిగారు. ఆ వెంటనే వయసు. ఆయనదీ 1965, పాము సంవత్సరమే! లేచి నిలబడి నాన్న చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. ఈ దేశంలో ఒకే ఏడు పుట్టినవాళ్లకు పరిచయమైన రోజునే చనువు వచ్చేస్తుంది.

ఆయన గిమ్హే కిమ్ వంశం. సురో రాజు సంతతిగా చెప్పుకునే ఈ వంశంలో 40 లక్షలకు పైగా మనుషులున్నారు. సురో, హొ రాణిల పదిమంది కొడుకుల్లో ఇద్దరు తల్లి ఇంటిపేరు తీసుకున్నారని కథ, అందుకే గిమ్హే హొ వంశం వాళ్లను గిమ్హే కిమ్‌లు ఆనవాయితీగా పెళ్లి చేసుకోరు. ఇది అనువదించగానే నాన్న "సగోత్రం! మాకూ పనికిరాదు" అన్నారు. ఆయన నాన్న గోత్రం అడిగారు, నాన్న భారద్వాజ అన్నారు. ఇద్దరూ తలలూపారు. అసలు మాట పంటల మీదికి మళ్లాక నాకు ఊపిరి తిరగనివ్వలేదు. ఆయనకు జిన్యొంగ్‌లో పెర్సిమన్ తోట ఉంది. కోతలు సాగుతున్నాయి, కూలీలు దొరకడం లేదు. నాన్నదీ అదే మాట. సంచిలోంచి నాలుగు పళ్లు తీసి ఇచ్చారు. అమ్మ నువ్వుండల డబ్బా తీసింది. ఆయన ఒకటి కొరికి, కొత్త సంవత్సరానికి వాళ్లావిడా ఇదే చేస్తుందని, కానీ బెల్లం రుచి వేరని చెప్పారు.

విడిపోయే ముందు ఆయన నాన్న ఫోనులో కొరియాలో అందరూ వాడే మెసేజింగ్ యాప్ కకావో టాక్ పెట్టించారు. దేజాన్ ఇంటికి చేరిన మర్నాడు పొద్దున నిండా కాసిన తోట ఫొటో వచ్చింది. నాన్న ఊళ్లో బాబాయితో మా చేను ఫొటో తీయించి బదులు పంపారు. కింద వరి రకం కూడా కొరియన్‌లో రాయమన్నారు: బీపీటీ 5204, కోతకు ఇంకా మూడు వారాలు.